స్టార్లింగ్ గుంపులు చూడ్డానికి ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి, అక్కడ ఏం గమనించాలి

మీరు అడిగింది ఇదీ. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నారు, క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లి, పొద్దుగూకే వేళ చిత్తడి నేలల మీద లక్షల స్టార్లింగ్‌లు, అంటే గోరింకల కుటుంబానికి చెందిన చిన్న పిట్టలు, గుంపుకట్టి తిరగడం చూడాలనుకుంటున్నారు. వీడియోల్లో ఉన్నట్టే నిజంగా కనిపిస్తుందా, ఎక్కడికి వెళ్లాలి, అవి అలా ఎందుకు చేస్తాయి, అవి వలస పక్షులేనా, మన వైపు ఇలాంటివి ఉండవా అని. నేను ఉండేది బ్రిస్టల్‌లో, సోమర్‌సెట్ దగ్గరే కాబట్టి ప్రతి చలికాలం వెళ్తూనే ఉంటా, తెలిసినంత చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు మొదటి ప్రశ్న. కనిపిస్తుంది, వీడియోలో కన్నా బాగా కనిపిస్తుంది, కాకపోతే రోజూ ఒకేలా ఉండదు. వీడియో తీసినవాళ్లు బాగా కుదిరిన రెండు నిమిషాలు కోసి పెడతారు. అసలు జరిగేది అరగంట పైన, దాంట్లో కొన్ని రోజులు గుంపులు తలమీదే సుడులు తిరుగుతాయి, కొన్ని రోజులు ఎక్కడో దూరంగా తిరిగి దిగిపోతాయి. చాలామంది సూర్యాస్తమయానికి సరిగ్గా ఐదు నిమిషాల ముందు వచ్చి, ఫోన్ పైకెత్తి, ఆకారాలు ఏం వస్తున్నాయా అని చూసి, చీకటి పడగానే వెళ్లిపోతారు. అవి అక్కడికి నిద్రకి వచ్చాయి అన్న సంగతి గుర్తుపెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చూస్తే మాత్రం ప్రతి కదలికకీ ఒక కారణం కనిపిస్తుంది, పిల్లలు కూడా విసుక్కోకుండా చూస్తారు.

ఎక్కడికి అంటే మీకు దగ్గర్లో నేను చెప్పేది సోమర్‌సెట్‌లో గ్లాస్టన్‌బరీ పక్కన ఉన్న ఆవలాన్ మార్షెస్. బర్మింగ్‌హామ్ నుంచి ఎం5 మోటార్‌వే పట్టుకుని 23వ జంక్షన్‌లో దిగాలి, ట్రాఫిక్ లేకపోతే రెండున్నర గంటలు. ఒకప్పుడు ఆ నేలంతా పీట్ తవ్వకాలు, అంటే వేల ఏళ్లుగా కుళ్లి పేరుకున్న మొక్కల మట్టిని కోసి ఎండబెట్టి అమ్మేవాళ్లు, తవ్వగా మిగిలిన గోతుల్లోకి నీళ్లొదిలి రెల్లు పెంచి పక్షులకి చోటు చేశారు. హామ్ వాల్ అనే భాగాన్ని పక్షుల సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ చూసుకుంటుంది, పక్కనే షాప్‌విక్ హీత్, కాస్త పైకి వెళ్తే వెస్ట్‌హే మూర్. హామ్ వాల్, షాప్‌విక్ మధ్యలోంచి వెళ్లే దారి పాత రైలు కట్ట, 1966లో ఆ లైన్ మూసేశారు, అందుకే దారి తిన్నగా, చదునుగా ఉంటుంది, చిన్న పిల్లాడికి తోపుడు బండి ఉన్నా ఇబ్బంది లేదు. యాష్‌కాట్ రోడ్డు మీద కార్ పార్క్ ఉంది, వీకెండ్‌లో అది మధ్యాహ్నానికే నిండిపోతుంది, కుదిరితే మామూలు రోజు పెట్టుకోండి.

ఒక్క విషయం మాత్రం బయల్దేరే ముందు తప్పకుండా చూసుకోండి, అవి రోజూ ఒకే రెల్లులో పడుకోవు. లక్షల పక్షులు ఒకే చోట వాలేసరికి కొన్ని వారాల్లో ఆ రెల్లు విరిగి పడిపోతుంది, రెట్టతో నిండిపోతుంది, అప్పుడు పక్క మడుగుకి మారతాయి. దీనికోసమే ఆర్‌ఎస్‌పీబీ వాళ్లు స్టార్లింగ్ హాట్‌లైన్ అని ఒక ఫోన్ లైన్ నడుపుతారు, నిన్న రాత్రి ఎక్కడ దిగాయో అందులో చెప్తారు, వాళ్ల వెబ్‌సైట్‌లో నంబర్ దొరుకుతుంది. అది వినకుండా వెళ్లి హామ్ వాల్‌లో నిలబడితే అవి రెండు కిలోమీటర్ల అవతల షాప్‌విక్‌లో దిగుతూ ఉండొచ్చు.

సీజన్ అక్టోబర్ చివర్లో మొదలై ఫిబ్రవరి దాకా, బాగా ఎక్కువగా ఉండేది డిసెంబర్, జనవరి. మీరొచ్చే క్రిస్మస్ వారంలో అక్కడ సాయంత్రం నాలుగింటికే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి మూడింటికల్లా నడిచి వెళ్లి నిలబడి ఉండాలి. ఆకాశం తేటగా, గాలి తక్కువగా ఉన్న రోజు ఎక్కువసేపు తిరుగుతాయి. వాన పడుతుంటే, గాలి గట్టిగా ఉంటే తక్కువ ఎత్తులో వచ్చి తిన్నగా రెల్లులోకి దూకేస్తాయి, మబ్బు రోజుల్లో కాస్త ముందే దిగుతాయి.

ఇక మూడింటి నుంచి ఏం చూడాలో చెప్తా. మొదట మీకు కనిపించేది పది, ఇరవై పక్షులున్న చిన్న గీతలు, చెట్ల పైనుంచి తిన్నగా, ఆగకుండా, వేగంగా వస్తుంటాయి. పగలంతా అవి 20, 30 కిలోమీటర్ల చుట్టుపక్కల పచ్చిక బయళ్లలో విడివిడిగా మేస్తాయి, సాయంత్రం అయ్యేసరికి అన్ని దిక్కుల నుంచీ ఇలా తిరిగొస్తాయి. కొన్ని ముందు పొలాల్లోనో, ఎత్తైన చెట్ల మీదో ఆగి అక్కడ పోగవుతాయి, తర్వాత అన్నీ కలిసి లేస్తాయి. పిల్లలకి ఒకరికి తూర్పు, ఒకరికి పడమర ఇచ్చి ఎటునుంచి ఎన్ని గుంపులు వస్తున్నాయో చూడమనండి. వచ్చిన ప్రతి గుంపూ పెద్దదాంట్లో ఎలా కలుస్తుందో చూడండి, ఢీకొట్టుకోవడం, తడబడడం ఏమీ ఉండదు, ఆ పక్కకి చేరిన క్షణంలోనే వీటి దిశ కూడా వాటి దిశే అయిపోతుంది.

కారు దిగే చోట పచ్చిక మీద ఒకటో రెండో మేస్తూ కనిపిస్తే వాటిని కూడా కాసేపు చూడండి, దగ్గర్నుంచి చాలా అందమైన పిట్ట. పిడికెడంత ఉంటుంది, బరువు 80 గ్రాముల చిల్లర. దూరానికి నల్లగా కనిపిస్తుంది కానీ చలికాలంలో ఒళ్లంతా తెల్లటి, లేత గోధుమరంగు చుక్కలు, ఎండ పడితే ఆకుపచ్చ, ఊదా మెరుపు. మేసేటప్పుడు ముక్కు గడ్డిలో మూసి గుచ్చుతుంది, లోపలికి పోయాక తెరుస్తుంది. మామూలుగా పక్షులకి ముక్కు మూసే కండరాలు బలంగా ఉంటాయి, దీనికి తెరిచేవి బలం, ఆ బలంతో మట్టిని రెండుగా చీల్చి, కళ్లు ముందుకి తిప్పి ఆ సందులోకి చూసి పురుగుని లాగుతుంది. గడ్డి వేళ్ల దగ్గర ఉండే క్రేన్ ఫ్లై (పొడుగు కాళ్ల ఈగ) పిల్లపురుగులు దానికి ముఖ్యమైన తిండి. నేల గడ్డకట్టిపోతే ఇది కుదరదు, వీటి వలస కథంతా ఇక్కడే ఉంది.

బ్రిటన్‌లో పుట్టిన స్టార్లింగ్‌లు చాలావరకు ఇక్కడే ఉండిపోతాయి. చలికాలంలో లక్షలకి లక్షలు వచ్చేవి స్కాండినేవియా, బాల్టిక్ దేశాలు, పోలండ్, జర్మనీ, రష్యా వైపు నుంచి. అక్కడ నేల మంచుకి బిగుసుకుపోతే ముక్కు దిగదు, సముద్రపు గాలి తగిలే ఇంగ్లండ్‌లో మట్టి మెత్తగానే ఉంటుంది. అలా వెయ్యి కిలోమీటర్లకి పైగా ఎగిరి ఉత్తర సముద్రం దాటి వస్తాయి. ఈ దారి వాటికి ఎలా తెలుసు అన్నదాని మీద 1950ల్లో నెదర్లాండ్స్‌లో పెర్డెక్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఒకటుంది, పక్షుల వలస గురించి నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం. శరత్కాలంలో అక్కడి హేగ్ నగరం మీదుగా వెళ్తున్న స్టార్లింగ్‌లని 11,000కి పైగా పట్టుకుని, కాళ్లకి రింగులు తొడిగి, విమానంలో స్విట్జర్లాండ్ తీసుకెళ్లి వదిలారు. ముందు ఏళ్లలో ఒకసారైనా ఆ ప్రయాణం చేసిన పెద్ద పక్షులు తమని పక్కకి తెచ్చారని పసిగట్టి, దిశ మార్చుకుని, ఎప్పుడూ వెళ్లే ఉత్తర ఫ్రాన్స్, దక్షిణ ఇంగ్లండ్ వైపుకే వెళ్లాయి. ఆ ఏడే పుట్టిన పిల్ల పక్షులు మాత్రం హేగ్ నుంచి ఏ దిశలో వెళ్లేవో అదే దిశలో స్విట్జర్లాండ్ నుంచి ఎగిరి దక్షిణ ఫ్రాన్స్, స్పెయిన్ చేరాయి. అంటే పుట్టుకతో వచ్చేది దిశ, ఎంత దూరమో కూడా కొంత, గమ్యం మాత్రం ఒకసారి వెళ్లొచ్చాకే తెలుస్తుంది. మీరు హామ్ వాల్‌లో చూసే గుంపులో మొదటిసారి వచ్చినవీ, దారి తెలిసినవీ కలిసి ఉంటాయి.

ఇప్పుడు ఎందుకు అలా తిరుగుతాయన్న ప్రశ్న. అవి పడుకోవడానికి రెల్లు ఎందుకు ఎంచుకుంటాయో ముందు చూడండి, కొల్లేరు వైపు కిక్కిస అంటారే అలాంటి గడ్డే, కింద నీళ్లుంటాయి కాబట్టి నక్క లాంటివి రాలేవు, దట్టంగా ఉంటుంది కాబట్టి గాలి తగలదు. దిగిన తర్వాత భయం తక్కువ, దిగే ముందు గాల్లో ఉన్న సమయమే ప్రమాదం, ఎందుకంటే ఇన్ని పక్షులు రోజూ ఒకే వేళకి ఒకే చోటికి వస్తాయని డేగలకీ తెలుసు. స్పారోహాక్, పెరిగ్రిన్ ఫాల్కన్, మార్ష్ హ్యారియర్ మూడూ అక్కడ తిరుగుతాయి. ఒంటరిగా ముందు దిగిన పక్షి దొరికిపోతుంది, అందుకే దిగుదాం అన్నట్టు కిందికొచ్చి మళ్లీ లేస్తాయి, ఇంకా కొన్ని వచ్చి కలుస్తాయి, మళ్లీ కిందికొస్తాయి. బయటికి మనకి ఆటలా కనిపించేది అదే. గ్లోస్టర్‌షైర్ యూనివర్సిటీ వాళ్లు, రాయల్ సొసైటీ ఆఫ్ బయాలజీ వాళ్లు కలిసి మామూలు జనం దగ్గర్నుంచే 23 దేశాల్లో 3,000కి పైగా పరిశీలనలు సేకరించి 2017లో ప్రచురించారు. సగటున ఒక సాయంత్రం 26 నిమిషాలు తిరుగుతాయని, మూడింట ఒక వంతుకి కాస్త తక్కువ సందర్భాల్లో వేటపక్షి అక్కడ కనిపించిందని, అది ఉన్నప్పుడు గుంపులు ఇంకా పెద్దవిగా, ఎక్కువసేపు ఉంటాయని తేలింది. వెచ్చదనం కోసం పోగవుతాయి అన్న మాటకన్నా భద్రత కోసం అన్నదానికే ఆ లెక్కలు ఎక్కువ బలమిచ్చాయి.

డేగ వచ్చినప్పుడు గుంపుని చూస్తే ఇదంతా కళ్లముందే అర్థమవుతుంది. అప్పటిదాకా పల్చగా, బూడిదరంగులో పరుచుకున్న గుంపు ఒక వైపు నుంచి ఉన్నట్టుండి దగ్గరపడి చిక్కటి నలుపు అవుతుంది. ఆ నలుపు పట్టీలాగా గుంపులో ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెడుతుంది, ఇద్దరు చెరో కొస పట్టుకుని దులిపిన దుప్పటిలో అల వెళ్తుంది కదా, సరిగ్గా అలాగ. ఆ అల ఎప్పుడూ డేగకి దూరంగా జరుగుతుంది, కాబట్టి అల ఎక్కడ పుట్టిందో అక్కడ చూడండి, డేగ అక్కడే ఉంటుంది, ఒక్కటే ఉంటుంది, పిట్టలకంటే కాస్త పెద్ద మచ్చలా. ఇంకో సంగతి, ఆ నల్ల పట్టీ అంతా పక్షులు ఒత్తుకోవడం వల్లే వచ్చింది కాదు. అవి తప్పించుకోడానికి ఒక పక్కకి ఒరిగి మళ్లీ తిరిగి వస్తాయి, అలా ఒరిగినప్పుడు రెక్క వెడల్పంతా మనవైపు తిరిగి ఆ క్షణం నల్లగా కనిపిస్తుంది, పక్కదాన్ని చూసి పక్కది ఒరుగుతుంటే పట్టీ కదిలినట్టు ఉంటుంది. బైనాక్యులర్స్ ఉంటే గుంపు మధ్యలోకి కాకుండా ఒక అంచు మీద పెట్టి చేతులు కదలకుండా పట్టుకోండి, ఒక్కో పక్షి ఒరగడం విడిగా కనిపిస్తుంది.

ఒకదానికొకటి తగలకుండా ఎలా అన్నది పిల్లలు కచ్చితంగా అడుగుతారు. వందేళ్ల కింద ఇంగ్లండ్‌లో పక్షుల్ని బాగా గమనించిన ఎడ్మండ్ సెలూస్ లాంటివాళ్లు కూడా ఇది ఒకదాని ఆలోచన ఇంకోదానికి అందడమే అని నమ్మారు. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు కంప్యూటర్‌లో మూడే నియమాలు పెట్టి చూపించాడు. పక్కదానికి తగలొద్దు, పక్కవి వెళ్లే దిశలోనే వెళ్లు, గుంపుకి దూరం కావద్దు. ఇంతే, నాయకుడు ఎవరూ లేరు, తెరమీద చుక్కలు పక్షుల్లా తిరిగాయి. మీ ఇద్దరూ ఐటీలోనే అన్నారు కాబట్టి ఇది పిల్లలతో ఇంట్లో రాయించొచ్చు, చాలా చిన్న ప్రోగ్రామ్. తర్వాత 2000ల్లో రోమ్‌లో టెర్మినీ రైల్వే స్టేషన్ దగ్గర ఒక మ్యూజియం కప్పు మీద కెమెరాలు పెట్టి నిజమైన గుంపుల్లో ఒక్కో పక్షి ఎక్కడుందో మూడు కొలతల్లో లెక్కగట్టారు. ఆ పని చేసింది ఆంద్రియా కవాన్యా, ఇరీన్ జ్యార్దీనా అనే భౌతిక శాస్త్రవేత్తల బృందం, 2021లో ఫిజిక్స్ నోబెల్ వచ్చిన జార్జో పరీసీ కూడా ఆ పనిలో ఉన్నారు. 2008లో వాళ్లు చెప్పింది ఏంటంటే, ప్రతి పక్షీ ఇన్ని మీటర్ల లోపల ఉన్న అన్నిటినీ పట్టించుకోదు, దూరం ఎంతైనా సరే తనకి దగ్గరగా ఉన్న ఆరేడు పక్షుల్నే పట్టించుకుంటుంది. ఇది చిన్న తేడా అనిపిస్తుంది గానీ డేగని గుర్తుపెట్టుకుని ఆలోచించండి. డేగ మధ్యలోంచి దూసుకుపోయి గుంపు చీలి పలచబడితే, మీటర్ల లెక్కన అయితే చాలా పక్షులకి పక్కన ఎవరూ మిగలరు, గుంపు చెదిరిపోతుంది. ఆరేడు లెక్కన అయితే ఎంత సాగినా పక్కవాళ్లు ఉంటారు, మళ్లీ దగ్గరికి వచ్చేస్తాయి. వాళ్ల కొలతల్లోనే ఇంకోటి బయటపడింది, గుంపు అనుకున్నంత గుండ్రంగా ఉండదు, పొడుగూ వెడల్పూ ఎక్కువ, మందం బాగా తక్కువ, పైగా మధ్యలో కన్నా అంచుల్లో పక్షులు దగ్గరదగ్గరగా ఉంటాయి. మీకు ఆకారం ఒక్కసారిగా మారినట్టు అనిపించేదాంట్లో సగం ఆ పల్చటి గుంపు మనవైపు పక్కకి తిరగడమే. అందుకే అంచు చూడమన్నాను.

దిగేటప్పుడు అంతా హఠాత్తుగా అయిపోతుంది. గుంపు కింద ఒక చోట రెల్లుకి దగ్గరగా సాగుతుంది, అక్కణ్నుంచి కొన్ని జారతాయి, వెంటనే మిగతావి కూడా, ఒక నిమిషంలో ఆకాశం ఖాళీ. అప్పుడు వెళ్లిపోవద్దు, ఇది మాత్రం నా మాట వినండి. రెల్లులోపల లక్షల గొంతులు ఒకేసారి మొదలవుతాయి, కీచుమనే, గలగలమనే, టకటకమనే శబ్దం, చోటు కోసం తోసుకుంటుంటాయి, బరువుకి రెల్లు వంగడం కూడా కనిపిస్తుంది, ఒకటి లేచి పక్కన వాలుతుంది, దాంతో పది లేస్తాయి. అవి తలమీదుగా వెళ్లేటప్పుడు రెక్కల గాలి శబ్దం ఎలా ఉంటుందో, ఈ గోల ఎలా ఉంటుందో వీడియోలో రాదు. కాస్త వాసన కూడా ఉంటుంది, పిల్లలకి టోపీలు తప్పనిసరి, పైనుంచి రెట్ట పడుతుంది. గ్లౌజులు, రెండు జతల సాక్సులు, ఫ్లాస్కులో వేడిగా ఏదైనా. టార్చ్ కారు దాకా నడవడానికి మాత్రమే వాడండి, రెల్లు మీదికి వేయొద్దు. కొంతమంది మళ్లీ లేపుదామని చప్పట్లు కొడతారు, డ్రోన్ ఎగరేస్తారు, చూస్తే నాకు చాలా బాధేస్తుంది. పదహారు గంటల చలి రాత్రి గడవడానికి ఆ పిట్ట పగలు ఎనిమిది గంటల్లో తిన్నదే ఆధారం, అనవసరంగా ఒకసారి ఎగరడం అంటే ఆ నిల్వలోంచి పోతుంది. పైగా ఇన్ని లక్షలు చూసి బ్రిటన్‌లో ఇవి బోలెడన్ని ఉన్నాయనుకుంటాం, ఇక్కడ స్టార్లింగ్ రెడ్ లిస్ట్‌లో, అంటే సంరక్షణ అత్యవసరమైన పక్షుల జాబితాలో ఉంది, 1970ల నుంచి ఇక్కడ గూళ్లు పెట్టేవి సగానికన్నా ఎక్కువ తగ్గిపోయాయి.

ఓపికుంటే ఆ రాత్రి గ్లాస్టన్‌బరీ వైపే ఎక్కడైనా ఉండి తెల్లవారకముందే మళ్లీ వెళ్లండి. జనం ఉండరు. వెళ్లేటప్పుడు ఒకేసారి కాకుండా కొన్ని నిమిషాల తేడాతో దఫాలుగా లేస్తాయి, ప్రతి దఫా అన్ని దిక్కులకీ విచ్చుకుంటుంది. పాతకాలం రాడార్ తెరల మీద ఇవే ఒకదానివెనక ఒకటి పెరిగే రింగుల్లా పడేవి, అవేంటో తేలడానికి కొంతకాలం పట్టింది. అదే చోట పెద్ద తెల్ల కొంగలు కూడా కనిపిస్తాయి, మన చెరువుల దగ్గర తిరిగే పెద్ద కొంగే, బ్రిటన్‌లో మొదటిసారి గూడు కట్టింది 2012లో ఈ షాప్‌విక్‌లోనే, మన గేదెల వెంట తిరిగే చిన్న తెల్ల కొంగ అయితే 2008లో సోమర్‌సెట్‌లో. అక్కడివాళ్లు టెలిస్కోపులు పెట్టి చూస్తుంటే మన పిల్లలకి ఇంటిదాన్ని చూసినట్టు ఉంటుంది.

సోమర్‌సెట్ కుదరకపోతే ఉత్తరాన లాంకాషైర్‌లో లైటన్ మాస్ ఉంది, అదీ రెల్లు చిత్తడే. సముద్రం ఒడ్డున బ్రైటన్, వేల్స్‌లోని అబరిస్ట్‌విత్‌లలో పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన లాంటి కట్టడం) కింద పడుకుంటాయి, అక్కడ నడక కూడా అక్కర్లేదు, చిత్తడి నేల మీద చూసే అనుభవం మాత్రం వేరు. జర్మనీలో హాంబర్గ్ వైపు మీ చుట్టాలెవరైనా ఉంటే సరిహద్దు దాటి డెన్మార్క్‌లో టోండర్ చిత్తడికి వెళ్లమనండి. అక్కడివి దారిలో ఆగేవి కాబట్టి చలికాలంలో కాదు, మార్చి, ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబర్, అక్టోబర్‌లో ఒకసారి. అక్కడ దీన్ని సోర్ట్ సోల్, అంటే నల్ల సూర్యుడు అంటారు.

మన వైపు ఉండవా అన్నారు, ఉంటాయి. ఈ యూరప్ స్టార్లింగ్ మన దాకా రాదు గానీ దాని దగ్గరి చుట్టం రోజీ స్టార్లింగ్ వస్తుంది, గోరింకల కుటుంబమే, ఒళ్లు లేత గులాబీ, తల, రెక్కలు నలుపు. కజకిస్తాన్ వైపు గడ్డి మైదానాల్లో మిడతలు తిని పిల్లల్ని పెంచి, వానాకాలం సగంలోనే మన దేశానికి బయల్దేరి, మార్చి, ఏప్రిల్ దాకా ఉంటుంది. జొన్న కంకులు పాలు పోసుకునేటప్పుడు మంచె ఎక్కి వడిసెల తిప్పి తోలేది ఎక్కువగా వీటినే, మీ తాతగారి తరం వాళ్లని అడిగితే వెంటనే గుర్తుపడతారు. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల దగ్గర సాయంత్రం గుంపులుగా వచ్చి తుంగలో, తుమ్మచెట్లలో పడుకుంటాయి, ఇవీ దిగే ముందు గాల్లో అలాగే తిరుగుతాయి, సోమర్‌సెట్ అంత పెద్ద గుంపులు మాత్రం కావు. ఫిబ్రవరిలో ఎప్పుడైనా ఇండియా వెళ్తే పొద్దున్నే పూసిన బూరుగు చెట్టు గానీ మోదుగ చెట్టు గానీ చూసుకుని దాని కింద నిలబడండి, తేనె కోసం అక్కడికే వస్తాయి, సాయంత్రం అవి ఏ దిక్కుకి వెళ్తున్నాయో చూసుకుని వెంటవెళ్తే పడుకునే చెరువు దొరుకుతుంది.